మామ చెప్పులు విడిచిన మధ్యాహ్నం

బోధన్ మామ పోయినట్టు పొద్దున అత్తే ఫోన్ చేసి చెప్పింది. ఏడవలేదు. "నిద్రలనే పోయిండు బిడ్డా. మస్తు అలసిపోయిండు," అన్నది. నిజామాబాద్ నుంచి బస్సులో పోతున్నంతసేపూ ఆ మాటే మనసులో మెదులుతూ ఉంది. మా మేనమామను ఈ చివరి ఏళ్లలో అలసిన మనిషిగానే చూశాను. అంతకుముందు ఆయన అట్లా ఉండేవాడు కాదు.

ఇల్లు బోధన్‌లోనే అయినా, మామ చెరుకు చేనూ ఓటూ మంజీర అవతల మహారాష్ట్ర పల్లెలో ఉండేవి. అక్కడ ఒక పార్టీకి జెండా మోసేవాడు. ఎన్నికలొస్తే ఇల్లు మరిచేవాడు. మేం సెలవులకు పోతే చెరుకుగడ మోకాలికి ఆనించి విరిచి పంచేవాడు. అప్పుడూ పార్టీ ముచ్చటే. "పార్టీ అంటె తల్లి లెక్క," అనేవాడు.

ఆ పల్లెలోనే అత్త వాళ్లక్క ఇల్లు. ఆమె భర్తది ఎదుటి పార్టీ. ఒక పంచాయతీ ఎన్నికలో తోడల్లుళ్లిద్దరికీ మాటామాటా పెరిగి రాకపోకలు ఆగిపోయాయి. అక్క కూతురి పెళ్లికి మామ పోలేదు, అత్తనూ పోనియ్యలేదు. ఆ రోజు అత్త పొయ్యి వెలిగించలేదని మా బాపు చెప్పేవాడు.

కొన్నేళ్ల కింద, నేను వాళ్లింట్లో ఉండగానే, ఒక పొద్దున టీవీలో వార్త వచ్చింది. మహారాష్ట్రలో ఆ రెండు పార్టీలూ కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశాయట. మామ చేతిలో చాయ్ చల్లారిపోయింది. పార్టీ ఎవరిని తిట్టమంటే వాళ్లను ఇన్నాళ్లూ తిట్టాడు. ఇప్పుడు వాళ్లే తన నాయకుల పక్కన కూర్చుని నవ్వుతున్నారు. అత్త మెల్లగా అడిగింది: "ఇగ మీ ఇద్దరిది ఒక్కటే సర్కారు గదా. ఇప్పుడన్న మా అక్కను చూసొద్దామా?"

నాన్చి నాన్చి ఒప్పుకున్నాడు. ముగ్గురం వంతెన దాటి పోయాం. అక్కచెల్లెళ్లు గుమ్మంలోనే ఒకరినొకరు పట్టుకుని ఉండిపోయారు. మగవాళ్లు వానల గురించి పొడిపొడిగా మాట్లాడుకున్నారు. అన్నం వడ్డిస్తుండగా టీవీలో చెప్పారు, ప్రభుత్వం రాజీనామా చేసిందని. ఏర్పడి వారమైనా కాలేదు.

మామ లేచి వాకిట్లోకి పోయి చెప్పులు వేసుకున్నాడు. "నడువుండ్రి," అన్నాడు.

అత్త లేవలేదు. "నేను రాను. పిల్ల పెండ్లికే రాకపోతి. మీ సర్కార్లు పడిపోయినప్పుడల్లా మేము అక్కచెల్లెండ్లం విడిపోవాల్నా?"

ఆమె ఆయనకు ఎదురు చెప్పగా నేను అంతకుముందు వినలేదు. మామ ఎండలో అట్లాగే నిలబడ్డాడు. తోడల్లుడు గడప దాకా వచ్చి, "రా తమ్మీ. కూర సల్లారుతది," అన్నాడు.

మామ చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

తర్వాత ఆయన ఏ మీటింగుకూ పోలేదు. నాయకులు కబురు పెడితే, "నన్నడిగి కలిసిన్రా, నన్నడిగి విడిపోయిన్రా?" అనేవాడు. ఆ గొంతులో కోపం ఉండేది కాదు, అలుపే. తోడల్లుళ్ల మధ్య గొప్ప స్నేహమేమీ పుట్టలేదు. పండక్కి రావడం, జ్వరమొస్తే పలకరించడం, అంతే. అదైనా మిగిల్చి పోయినందుకు మేమంతా ఆయనకు రుణపడి ఉన్నాం.

పాడెకు ముందు భుజం తోడల్లుడే పట్టాడు. అన్నీ అయ్యాక ఇంటికొచ్చేసరికి అత్తా వాళ్లక్కా నడిమింట్లో ఒకే చాప మీద సోలిపోయి ఉన్నారు. కిటికీలోంచి ఎండ మొహాల మీద పడుతోంది. తోడల్లుడు చప్పుడు కాకుండా వెళ్లి, భుజం మీది తడి తువ్వాల తీసి కిటికీ ఊచలకు కట్టాడు.