ఆవిరమ్మ తమ్ముడి ఊపిరి

ఆసుపత్రి నేలమాళిగలో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే విభాగానికి ఆమె పెద్ద. ఇరవై రెండేళ్లుగా ఆవిరి యంత్రం ముందు నిలబడినందుకో, ముక్కు మీదే కోపం ఉన్నందుకో, చాటుగా అందరూ ఆమెను ఆవిరమ్మ అనేవారు. ఎదురుగా మాత్రం అక్కా అనేవారు. నెత్తుటి గుడ్డల్ని మామూలు మూటలో కలిపి పంపితే, ఆ మూటను తనే మోసుకెళ్లి వార్డు గుమ్మంలో పడేసి వచ్చేది.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. గోడలకు రంగులు వేసేవాడు. నాలుగేళ్ల క్రితం షుగరు వచ్చింది. అక్క నోటికి భయపడి మాత్ర ఒక్కపూట కూడా తప్పేవాడు కాదు.

ఆ వారం అతనికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. మూడు రోజులు తిండి లేదు, గుక్కెడు నీళ్లు తాగినా నిలవలేదు. మాత్ర మాత్రం రెండుపూటలా వేసుకున్నాడు. నాలుగో రోజు పొద్దున్నే ఆమె వెళ్లేసరికి మంచం మీద కూర్చుని రొప్పుతున్నాడు.

"ఎక్కడికైనా పరిగెత్తి వచ్చావట్రా?"

"గది దాటలేదక్కా. తొడలు మాత్రం పది అంతస్తులు ఎక్కినట్టు లాగేస్తున్నాయి. ఊపిరి నా మాట వినట్లేదు."

తన ఆసుపత్రికే తీసుకెళ్లింది. బయటి రోగులను చూసే కుర్ర డాక్టరు గుండె విన్నాడు, రక్తంలో ప్రాణవాయువు చూసే క్లిప్పు వేలికి పెట్టాడు, షుగరు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయన్నాడు.

"కంగారు పడుతున్నారంతే. నెమ్మదిగా ఊపిరి తీసుకోమనండి."

"వీడా కంగారుపడేది? ఆరో అంతస్తులో తాడుకు వేలాడుతూ ఈల వేసుకునే మనిషి బాబూ. మూడు రోజుల నుంచి కడుపులో ఏం లేదు. నిన్నటి నుంచి ఒంటేలుకు కూడా వెళ్లలేదు."

"ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు తాగించండి. షుగరు మాత్ర మాత్రం ఆపకండి," అని అతను తల ఎత్తకుండానే తరువాతి చీటీ అందుకున్నాడు.

గోడకు చెప్పుకున్నా ఇంతకంటే నయమనుకుంది. గేటు దాకా వచ్చారో లేదో తమ్ముడు మెట్టు మీద కూలబడ్డాడు. కళ్లు మూతలు పడుతున్నాయి, చేతులు చల్లబడ్డాయి, ఊపిరి మాత్రం కొలిమి తిత్తిలా ఆడుతోంది. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. మురికి గుడ్డలు మోసే తోపుడుబండి అటుగా వస్తుంటే ఆపి, మూటలు కింద పారేసి, తమ్ముణ్ణి అందులో కూర్చోబెట్టి, అత్యవసర విభాగం తలుపులు బండితోనే తోసుకుని లోపలికి నెట్టింది.

"ఎవరమ్మా అది, బండి లోపలికి తెస్తున్నారు?" అని కాపలాదారు అడ్డొచ్చాడు.

"తప్పుకో. తరవాత తిట్టుకుందాం."

పెద్ద డాక్టరమ్మ ఏ పరికరమూ పట్టుకోకుండా, నిమిషంపాటు అతని ఛాతీ వైపే చూసింది. "షుగరుకు ఏ మాత్ర వాడుతున్నాడు?" అంది. ఆవిరమ్మ చేతిసంచిలోంచి అట్ట తీసి చూపించింది. మణికట్టు దగ్గర రక్తం తీశారు. కాసేపట్లో కాగితం వచ్చింది. రక్తంలో లాక్టిక్ ఆమ్లం ఉండాల్సినదానికి ఏడింతలు ఉంది. మూత్రపిండాలు దాదాపు నిలిచిపోయాయి.

"అదేం ఆమ్లం? ఎక్కడిది?"

"అందరి ఒంట్లోనూ పుడుతుందమ్మా. నువ్వు బరువు ఎత్తితే కండరాలు పుట్టిస్తాయి, కాసేపు ఆగితే కాలేయం దాన్ని వాడేసుకుంటుంది. మాత్ర మంచిదే. కానీ వాంతులతో ఒళ్లు ఎండిపోయి, మూత్రపిండాలు ఆ మందును బయటికి పంపలేకపోయాయి. పేరుకున్న మందు కాలేయం పనికి అడ్డం పడింది. ఆమ్లం కొండలా పెరిగింది. దాన్ని తగ్గించుకోవడానికే ఒళ్లు అలా ఊపిరి తీస్తోంది. వేలమందిలో ఒకరికి వస్తుందిది."

"అయితే అది కంగారు కాదు."

"కాదు."

"మాత్ర ఆపొద్దన్నాడు మీ పిల్ల డాక్టరు."

డాక్టరమ్మ రక్తాన్ని శుద్ధి చేసే యంత్రం సిద్ధం చేయమని లోపలికి కేకేసింది.

రెండు రోజులు యంత్రం మీద ఉన్నాడు. మూడో రోజు ఊపిరి సర్దుకుంది, కళ్లు తెరిచాడు. బతికాడని తెలిశాక ఆమె కోపం రెండింతలైంది.

"తిండే లేనప్పుడు మాత్ర ఎవడు మింగమన్నాడ్రా నిన్ను?"

"నువ్వే కదక్కా. ఆకాశం ఊడిపడ్డా మానొద్దన్నావు."

ఆమె తిట్టడానికి ఇంకెవరూ మిగలక, మెట్లెక్కి కుర్ర డాక్టరు గదికి వెళ్లింది. అతనికి కబురు ముందే అందింది. లేచి నిలబడ్డాడు.

"నేను పొరబడ్డానమ్మా. వేలి క్లిప్పు బాగుందని చూపించింది, నమ్మేశాను."

"క్లిప్పును నమ్మారు. నా మాటేం చేశారు? మూడు రోజులు తిండి లేదన్నాను. ఒంటేలు రాలేదన్నాను. గుడ్డలుతికేదానికి ఏం తెలుసనుకున్నారు."

అతను తల దించుకున్నాడు. క్షమించమన్నాడు. ఆమె క్షమించలేదు. ఫిర్యాదు తనే రాసి ఇచ్చింది, మూడు పేజీలు, అక్షరాలు కాగితం వెనక తేలేలా. విచారణలో డాక్టరమ్మ సాక్ష్యం చెప్పింది. వాంతులతో వచ్చే షుగరు రోగుల్ని ఏ మాత్ర వాడుతున్నారో అడగాలని, అనుమానముంటే ఈ రక్తపరీక్ష చేయాలని బయటి రోగుల గదిలో నియమం వచ్చింది. కుర్ర డాక్టరుకు హెచ్చరిక ఇచ్చారు. ఇంతేనా అని ఆమె మళ్లీ మండిపడింది.

తమ్ముడు నెలన్నరకు పనిలోకి వెళ్లాడు. మందు మారింది. ఒంట్లో బాగోలేని రోజున ఏది ఆపాలో డాక్టరమ్మ చెబుతుంటే, ఆవిరమ్మ పక్కనే నిలబడి రెండుసార్లు చెప్పించుకుంది.