భయం కథకు హారతి

ఉప్పల్‌కు మెట్రో కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకో పిచ్చి ఉండేది. నాకు నచ్చిన పుస్తకం లోకమంతా చదివి తీరాలి. పోనీ అందరికీ నచ్చే రకమా అంటే కాదు, చప్పుడు చేయని భయం కథలు. దయ్యం కనపడదు, నెత్తురు కారదు, మూసిన తలుపు మూసే ఉంటుంది. అందులోనూ దేవుడూ భక్తీ కలిసినవంటే నాకు ప్రాణం. నాచారంలో నేను పనిచేసే మందుల ఫ్యాక్టరీలో దొరికినవాడికల్లా అంటగట్టేవాణ్ణి. నాలుగు పేజీలు తిప్పి, దయ్యం ఎప్పుడొస్తదని అడిగి తిరిగిచ్చేవాళ్లు. (రాదు, అదే భయం అని నేనంటే నాకేసి జాలిగా చూసేవాళ్లు.)

నేను అద్దెకున్న గది కింద ఇంటి యజమానురాలు ఉండేది. ఉప్పల్ పాత ఊరి మనిషి, వీధంతటికీ పెద్దమ్మ. పెళ్లికానివాడికి గది దొరకడమే గగనం, నాకు దొరికింది దైవభక్తి ఉన్నవాణ్ణని చెప్పుకున్నందుకు. ఆవిడ ఒకరోజు, చదువుకోడానికి దేవుడి పుస్తకం ఏదైనా ఉందా అని అడిగింది. తనంతట తాను నన్ను పుస్తకం అడిగిన మొదటి మనిషి. చెయ్యి ఊరుకుంటుందా? అట్ట మీద గోపురం ఉన్న నా ప్రాణప్రదమైన నవల చేతిలో పెట్టాను. ఎవరూ నూనె పోయకుండానే గుడిలో దీపం వెలుగుతుంటుంది, ఊళ్లో భక్తులు మాత్రం ఒక్కొక్కరే తగ్గిపోతుంటారు, అదీ కథ.

శుక్రవారం డ్యూటీ నుంచి వచ్చేసరికి కింద హాలు నిండా ఆడవాళ్లు. పీట మీద నా పుస్తకం, దానికి పసుపూ కుంకుమా. పెద్దమ్మ పారాయణం చేస్తోంది! మొదటి అధ్యాయం కాగానే కొబ్బరికాయ కొట్టింది. చివరి అధ్యాయంలో గర్భగుడి తలుపు తెరుస్తారు, లోపల ఉన్నది దేవుడు కాదు. అక్కడిదాకా వచ్చారంటే నా గదికి నీళ్లొదులుకోవాల్సిందే. పుస్తకం నాది కాదు, స్నేహితుడు అడుగుతున్నాడని బొంకాను.

"మొదలువెట్టిన పారాయణం నడుమల ఆపుతరా బిడ్డా? దోషం గాదు?" అంది.

ఇక వారం వారం ఒక అధ్యాయం, పైకి నాకొక పళ్లెం పులిహోర. (భయపడుతూ తిన్నా బాగుండేది, అబద్ధమెందుకు.) బోడుప్పల్‌లో గదులు వెతికాను, ఎక్కడికెళ్లినా ఫ్యామిలీకే ఇస్తామన్నారు.

ఆఖరి శుక్రవారం సంచి సర్దుకుని మెట్ల మీద కూర్చున్నాను. పెద్దమ్మ నింపాదిగా, ఆగాల్సిన చోట ఆగుతూ చదువుతోంది. ఆ కథను నేను కూడా అంత బాగా చదవలేదు. కథలో గర్భగుడి తలుపు తెరుచుకుంది. తర్వాత కొబ్బరికాయ పగిలింది, హారతి గంట మోగింది. పక్క సందుకు పోవాల్సిన ఆడవాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వెళ్లారు. పెద్దమ్మ పళ్లెంతో పైకొచ్చి సంచి చూసి, ఏ ఊరికని అడిగింది. నేను సంచిని వెనక్కి జరిపాను.

"అండ్ల ఉన్నది దేవుడు గాదని నాకు ముందుగాలనే సమజైంది," అంది పక్కన కూర్చుంటూ.

"మరి ఆపలేదేం పెద్దమ్మా?"

"ఎట్ల ఆపుత? గిన్నేండ్లల్ల గీ ఆడోళ్లు కునుకు తియ్యకుండ కూసున్న పారాయణం గిదే. గిసొంటిది ఇంకోటి ఉన్నదా బిడ్డా?"

ఉంది. సంచి అడుగున ఉంది. దాన్ని తీయడానికి సర్దినవన్నీ బయటపెట్టాల్సొచ్చింది, మళ్లీ సర్దలేదు.

ఇప్పుడు ఫోన్లో ఏ పుస్తకం గురించి రాసినా మెచ్చుకోళ్లు బోలెడు వస్తాయి, చదివారో లేదో దేవుడికెరుక. అప్పుడప్పుడూ ఆ మెట్ల మీద వణుకుతూ కూర్చున్న కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను, కాస్త కుళ్లుకుంటాను కూడా. వాడు ఇచ్చిన పుస్తకానికి కొబ్బరికాయ కొట్టారు.