వట్టి చేత్తో మందు కలిపే మనిషి

బోథ్ దగ్గర మా పత్తిచేనుకు పురుగుమందు కొట్టే మనిషి, డ్రమ్ములో మోచేతిదాకా చెయ్యి ముంచి మందు కలిపేవాడు.

"గీ మందు నన్నేం జెయ్యది పటేలా," అని నవ్వేవాడు. అతన్ని చూపించే మా బాపు కూలీలెవరికీ గ్లౌజులు కొనలేదు. అన్నను చూసి ఆ మనిషి తమ్ముడూ ఒకరోజు అలాగే కలిపాడు. ఆ సాయంత్రమే నురగ కక్కి చచ్చిపోయాడు.

ఆ విషాన్ని విరిచే ఎంజైము అందరి రక్తంలోనూ ఉంటుందని, జన్యువును బట్టి ఒక్క తల్లి పిల్లల్లోనే ఒకరికి గట్టిగా, ఒకరికి బలహీనంగా ఉండొచ్చని డాక్టరు చదువులో తెలిసింది. సెలవులకొచ్చి బాపుకు చెప్పాను.

పక్కనే డ్రమ్ము కడుగుతున్న ఆ మనిషి తన చెయ్యి వీపు వెనక దాచుకున్నాడు.

బాపు అడిగాడు: "ఎవలకేం గాదో రక్తం జూసి చెప్పొస్తదా బిడ్డా? గసుంటోళ్లనే పెట్టుకుందం."