మార్తమ్మ సిస్టర్ ముందుగా పలకరించదు

సీతాఫలాల కాలం వచ్చిందంటే దౌల్తాబాద్ బస్సులో డ్యూటీ చేయడం నాకు కష్టం. ఊరూరా గంపలు ఎక్కుతాయి. ఇంజన్ వేడికి సగం మగ్గిన పండ్లు కాస్తా పండిపోయి బస్సంతా ఆ తియ్యటి వాసనే. నిన్న "గంపలు దారికడ్డం వెట్టకున్రి" అని అరుస్తూ టికెట్లు కొడుతుంటే ఒక ముసలమ్మ "ఇగ అరిసింది సాలు, తిను బిడ్డా" అని ఒక పండు నా చేతిలో పెట్టింది. వెనక నుంచి ఎవరో "ఏందక్కా, టికెట్ ఇయ్యవా?" అనేదాకా అలాగే నిలబడిపోయాను. నా నోరు మూతపడటం మా డిపోలో వింతే. ఆ వాసనకు నాకు మార్తమ్మ సిస్టర్ కావాలనిపిస్తుంది. నలభై రెండేళ్ళదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని, సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఏడుపొస్తుంది.

సిద్దిపేటలో ఒక దవాఖానలో, మనసు జబ్బుల వార్డులో నర్సు ఆమె. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, నడుస్తుంటే ఒక మోకాలు కొంచెం పక్కకు వంగేది. దౌల్తాబాద్ పక్క పల్లెలో రెండెకరాల రైతు ఇల్లు వాళ్ళది. ఆదివారం ఇంటిల్లిపాదీ చర్చికి వెళ్ళేవాళ్ళు. నేను ఆమె దగ్గరికి వెళ్ళింది గుండె డాక్టరు పంపితే. ఒకరోజు నిండు బస్సులో, టికెట్ కొడుతూ కొడుతూ ఉండగా ఛాతీ పట్టేసింది, ఊపిరి అందలేదు, చచ్చిపోతున్నాననుకుని నడి రోడ్డు మీద బస్సు ఆపించి దిగేశాను. గుండె పరీక్షలన్నీ బాగున్నాయని, ఆ వార్డుకు తీసుకెళ్ళమని డాక్టరు మా ఆయనతో అన్నాడు. కానీ ఆ తర్వాత బస్సు హారన్ వింటేనే చెమటలు పట్టేవి. రెండు నెలలు మంచం దిగలేదు. తల దువ్వుకోలేదు. పిల్లలు స్కూలు నుంచి వచ్చి పక్కన కూర్చుంటే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. నేను లేకపోతేనే వీళ్ళకు మంచిదని నిజంగానే నమ్మాను. ఆ మాట మా ఆయనతో అన్న రోజే ఆయన నన్ను ఆటో ఎక్కించాడు. వార్డు బోర్డు చదివి "నేనేమన్న పిచ్చిదాన్నా?" అని గుమ్మం దగ్గరే గొడవ పెట్టుకున్నాను. లోపల్నుంచి సిస్టర్ వచ్చి, "గంత గట్టిగ కొట్లాడుతున్నవంటె నీల పాణం మస్తుగున్నది. రా, కూసో" అంది.

వార్డులో చేరిన మూడో రోజు ఆమె ఒక స్టీలు పళ్ళెంలో సీతాఫలం పెట్టి తెచ్చింది. నాకొద్దన్నాను.

"నువ్వు తినకుంటె మానె, నాకన్న ఒలిచియ్యి. నాకు పన్ను నొస్తది, గింజ తగిల్తె పాణం పోతది."

సరేనని మొదలుపెట్టాను. చేతులు వణుకుతున్నాయి, తొందరగా ఇచ్చేసి పడుకోవాలని ఉంది. "తొందర వడకు బిడ్డా. గిది తొందరల తినే పండు గాదు. ఒక్కొక్క గింజ తియ్యి" అంటూ పక్కనే కూర్చుంది. ఎంతసేపు పట్టిందో తెలియదు. పళ్ళెం ఖాళీ అయ్యాక చూసుకుంటే చేతులు వణకడం లేదు. ఆ గుజ్జులో సగం నేనే తిన్నానని ఆమె నవ్వుతూ చెప్తే గానీ నాకు తెలియలేదు. నెలల తర్వాత నాకు రుచి తెలిసిన మొదటి తిండి అది.

ఆమె ఒక్కతే నన్ను బాగు చేసిందని చెప్తే అబద్ధమవుతుంది, ఆమే ఒప్పుకోదు. మందులు చూసుకునే డాక్టరు గారు ఉన్నారు. ఎన్నిసార్లు అడిగినా విసుక్కునేవారు కాదు. కౌన్సెలింగ్ చేసే శ్రావణి మేడమ్ నాకు ఊపిరి పీల్చడం చిన్నపిల్లకు నేర్పినట్టు నేర్పింది. తర్వాత నన్ను మెల్లమెల్లగా బస్సుకు అలవాటు చేసింది. ఒకరోజు బస్టాండులో నిలబడి రావడం, ఇంకోరోజు ఆగి ఉన్న బస్సులో కూర్చోవడం, ఆ తర్వాత ఒక్క స్టేజీ దూరం. ముగ్గురూ పొద్దున్నే కూర్చుని మా గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఒకరితో చెప్పుకుని ఏడ్చిన సంగతి ఇంకొకరికి మళ్ళీ మొదట్నుంచి చెప్పాల్సిన పని ఉండేది కాదు. అది ఎంత సుఖమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

ఇంటికి పంపే రోజు సిస్టర్ నన్ను వరండాలోకి పిలిచింది. "సుగుణా, ఒక మాట ఇను. బయట నేను కనవడితె ముందుగాల నేను నిన్ను పలకరియ్య. గర్వమనుకోకు. నేను గీ వార్డు సిస్టర్నని ఊరందరికి ఎరుకె. నేను పలకరిస్తె, గీమెకు గామెతోని ఏం పని అని నిన్ను అడుగుతరు. నువ్వు పలకరిస్తె ఆగి మాట్లాడుత. లేకుంటె ఎవరో తెల్వనట్టు పోత. నీ ఇష్టం." అందరితోనూ ఆమె అలాగే ఉండేదట. ఆ మాట వినగానే నా ప్రాణం కుదుటపడింది. డిపోలో నడుం నొప్పికి సెలవు పెట్టానని చెప్పి ఉన్నాను మరి.

సంక్రాంతి తర్వాత మా అత్తమ్మ మొక్కు బయటపడింది. కోడలు లేచి తిరిగితే ఐదు ఆదివారాలు దాన్ని ఒక్కపొద్దు ఉంచి, కొమురవెల్లి మల్లన్నకు రంగుల ముగ్గుతో పట్నం వేయిస్తానని మొక్కిందట. ఆమె ప్రేమ ఆమెది, కాదనలేకపోయాను. ఒక్కపొద్దంటే సాయంత్రం దీపం పెట్టేదాకా నోట్లో ఏమీ పడకూడదు. మందు గోలీ కూడా నోట్లో పడేదే కదా! మొదటి ఆదివారం పొద్దుటి గోలీ మానేశాను, ఏమీ కాలేదు. రెండో ఆదివారం రెండు పూటలూ మానేశాను, అప్పుడూ ఏమీ కాలేదు. ఇక దేవుడే చూసుకుంటున్నాడని సోమవారం కూడా మానేశాను. నాలుగో ఆదివారానికి గోలీల పొట్లం బియ్యం డబ్బా వెనక్కి వెళ్ళిపోయింది. ఐదోది రాకముందే నేను మళ్ళీ మంచంలో, గోడవైపు తిరిగి.

ఈసారి గుమ్మం దగ్గర గొడవ పెట్టుకునే ఓపిక కూడా లేదు. సిస్టర్ తిడుతుందనుకున్నాను. జరిగిందంతా విని స్టూలు మీద కూర్చుండిపోయింది.

"తప్పు నాది బిడ్డా. తిన్నవా అని అడిగిన, పన్నవా అని అడిగిన. ఒక్కపొద్దులుంటవా అని అడుగకపోతి. మేము గూడ ఉపాసముండి ప్రార్థన జేస్తం గని గోలీలు బందువెట్టం. నాకు తట్టలె."

మా అత్తమ్మ మూలన నిలబడి, "మరి గోలీ ఏస్కుంటె ఒక్కపొద్దు చెడదా?" అంది.

"గది మల్లన్ననే అడుగు అవ్వా. కోడలు పాణం గావాల్నా, ఒక్కపొద్దు గావాల్నా అని అడుగు. ఏం జెప్తడో నీకు నాకంటె ఎక్కువ ఎరుక."

ఆ తర్వాతి ఆదివారం అత్తమ్మ వార్డుకు వచ్చి, నా నొసట మల్లన్న బండారి పసుపు పెట్టి, అదే చేత్తో గోలీ నా నోట్లో వేసింది. మిగిలిన ఒక్కపొద్దు తానే ఉంది. సిస్టర్ ఆ వారం నుంచే ప్రతి పేషెంటు కార్డు పైన ఒక్కపొద్దు ఏ వారమో రాయడం మొదలుపెట్టింది. రంజాన్‌కు రోజా ఉండేవాళ్ళను కూడా ముందే అడగమని డాక్టరు గారు చెప్తే అదీ రాసేది.

ఎండాకాలం అయ్యాక డ్యూటీలో చేరాను. మొదటి వారం చేతిలో టికెట్ మిషను తడిసిపోయేది, కానీ దిగిపోలేదు. దవాఖానలో నాకిచ్చిన వారం మంగళవారం, నెల నెలా వెళ్ళి చూపించుకునేదాన్ని. మా డిపోలో ఒకామె ఇంకొకరి గురించి "మెంటల్ కేసు" అని నవ్వితే నేనూ నవ్వాను. ఆ సంగతి రాయకుండా ఉండొచ్చు, కానీ రాయకపోతే తర్వాతది అర్థం కాదు.

ఏడాది తిరిగాక ఒక మధ్యాహ్నం మార్తమ్మ సిస్టర్ నా బస్సెక్కింది. చిక్కిపోయి ఉంది. చేతిలో ఒక సంచి. ముందు సీట్లో ఆ నవ్వినామె కూర్చుని ఉంది, నాతో ముచ్చట పెడుతూ. సిస్టర్ అందరు ఆడవాళ్ళలాగే ఫ్రీ బస్సుకని ఆధార్ కార్డు చూపించింది.

"ఎక్కడికి?" అన్నాను.

"దౌల్తాబాద్" అంది.

సున్నా టికెట్ కొట్టి ఇచ్చాను. ఆమె నా ముఖంలోకి చూసింది. పలకరించమని అడిగే చూపు కాదది, ఎందుకు పలకరించలేదనే చూపు కూడా కాదు. పేషెంటు నిద్రపోతోందా లేదా అని వార్డులో చూసినట్టు చూసి, వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది. దారి పొడుగునా బయటికే చూసింది. దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. నేను విజిల్ వేశాను. మంగళవారం వెళ్ళి క్షమించమని అడుగుదామనుకున్నాను. ఆ మంగళవారం డ్యూటీ మారింది. తర్వాతి నెల వెళ్తే శ్రావణి మేడమ్ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. సిస్టరుకు కడుపులో క్యాన్సరట, చాలా ముదిరాక తెలిసిందట, మొన్ననే చనిపోయిందట. నా బస్సెక్కిన ఆ రోజు ఆమె వార్డులో అందరికీ చెప్పి, ఇక రానని ఇంటికి వెళ్తోంది. చివరి డ్యూటీ నుంచి ఇంటికి వెళ్ళే మనిషికి నేను టికెట్ కొట్టి పంపాను.

చర్చిలో ఆమె కోసం పెట్టిన ఆదరణ కూడికకు సెలవు పెట్టి వెళ్ళాను. చర్చి ముందు షామియానా, చాపలు. వెనక వరుసల్లో ఇంట్లోవాళ్ళకు తెలియని ఆడవాళ్ళు చాలామంది కూర్చుని ఉన్నారు. సిస్టర్ భర్త నీళ్ళు ఇస్తూ "ఏ ఊరమ్మా, మార్త మీకేమైతది?" అని అడిగితే, అందరిదీ ఒకటే జవాబు, "తెలిసినోళ్ళం." నన్నడిగినా అదే చెప్పాను. పాటలయ్యాక పాస్టర్ గారు ఆమె గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవమన్నారు. చుట్టాలు చెప్పారు, ఊరివాళ్ళు చెప్పారు. నా బస్సులో రోజూ వచ్చేవాళ్ళు అక్కడ ఐదారుగురైనా ఉన్నారు. ఛాతీ పట్టేసింది, ఆ పాత పట్టే. ఊపిరి మెల్లగా వదిలి లేచాను.

"నా పేరు సుగుణ. గీ రూట్ల కండక్టర్ను, మీకు ఎరుకె. నేను సిస్టర్ వార్డుల రెండుసార్లు పేషెంటును. గుండెకు గాదు, మనసుకు. బతకనని వోతె నన్ను బతికిచ్చి పంపింది. గామె నా బస్సెక్కితె, నలుగురు ఏమనుకుంటరోనని ఎవరో తెల్వనట్టు టికెట్ గొట్టిన. గంతే."

చెప్పి కూర్చున్నాను. పక్కన కూర్చున్న పడుచు, మెడలో పసుపుతాడు ఇంకా కొత్తగా ఉంది, నాకు చాప మీద కాస్త చోటిచ్చి, ముఖం తిప్పకుండానే అడిగింది.

"నీది ఏ వారమక్కా?"

"మంగళారం."

"నాది శుక్రారం" అంది. ఆమె వెనకామె ముందుకు వంగి, "నాది గూడ" అంది.

ఇప్పుడు మా డిపోలో అందరికీ తెలుసు. ఒకరిద్దరు దూరం జరిగారు. ఇద్దరు చాటుగా వచ్చి దవాఖానలో ఏ గదికి వెళ్ళాలని అడిగారు, వాళ్ళ వెంట నేనే వెళ్ళాను. నాకు మందు తగ్గించారు, పూర్తిగా ఆపలేదు, దాని గురించి నాకు తొందర లేదు. అంతా బాగానే ఉంది, ఆమె లేకపోవడం ఒక్కటే బాగాలేదు. రోజూ ఎందరో ఎక్కి "దౌల్తాబాద్" అంటారు. ప్రతిసారీ "బాగున్నరా సిస్టర్" అనే రెండు మాటలు గొంతుదాకా వస్తాయి. అవి ఆమెవి, ఇంకెవరికీ ఇవ్వలేను.