పక్కింటి అక్క ఇప్పచెట్టు

నా చిన్నప్పుడు పక్కింటి అక్క మీద కుళ్లుకోని రోజు లేదు. ఆమె జడ నా జడకన్నా పొడుగు, అది ఎలాగో ఓర్చుకున్నాను. మా అవ్వ, అంటే మా నాన్న తల్లి, ఎండాకాలం ముందు అడవి చూడటానికి పోతూ నన్ను కాదని ఆమెను వెంట తీసుకెళ్లేది. అది మాత్రం ఓర్చుకోలేకపోయాను.

మాది కమాన్‌పూర్ పక్కన ఊరు. మగవాళ్లు బొగ్గుబావిలో షిఫ్టులకు పోతే, ఆడవాళ్లకు బీడీలు చుట్టే తునికాకు, ఇప్పపువ్వు ఆధారం. ఆకు కోసే కాలానికి ముందే ఎవరో ఒకరు అడవి తిరిగి, ఏ వైపు తునికి పొదలు నరికితే లేత చిగురు బాగా వస్తుందో చూసి రావాలి. మా వాడలో ఆ పని అవ్వది. ఆమె అంచనా తప్పితే ఆ వేసవికి వాడంతా చేతులు ముడుచుకొని కూర్చోవాల్సిందే. అవ్వకు చూపు మందగించింది కనుక తోడుగా పిల్లల కళ్లు కావాలి. అవి నా కళ్లు ఎందుకు కాకూడదని నా ఏడుపు.

నా పోరు పడలేక అవ్వ ఒక ఉపాయం చేసింది. ఊరి చివర మాకు, పక్కింటివాళ్లకు చెరో ఇప్పచెట్టు ఉండేది. వానలు వెనకబట్టాక మా ఇద్దరినీ అక్కడికి తీసుకెళ్లింది.

"ఇగో, గిది నీది, గది దానిది. పువ్వు రాలేదాక సూడుండ్రి. ఎవలు మంచిగ జెప్తరో గాల్లనే తోల్కవోత," అంది.

ఇక నాకు నిద్ర ఎక్కడిది? బడి వదలగానే పరుగెత్తేదాన్ని. నా చెట్టు కింద నిలబడి ఆమె చెట్టును చూసేదాన్ని. దాని ఆకు ముందు రాలిందా, దాని మొగ్గ లావుగా ఉందా, చిలుకలు దాని మీదే ఎందుకు వాలుతున్నాయని కళ్లల్లో నిప్పులు పోసుకునేదాన్ని.

తొలి పువ్వు రాలిన పొద్దున అవ్వ అడిగింది. అక్క తన చెట్టు గురించి చక్కగానే చెప్పింది. నా వంతు వచ్చేసరికి నా నోట వచ్చింది నా చెట్టు ముచ్చట కాదు.

"దాని చెట్టుకే గుట్ట దిక్కు కొమ్మ ముందుగాల మొగ్గేసింది. నడిమి కొమ్మకు తొర్రవడ్డది. అక్క సూడనేలే," అని ఉక్రోషంతో అక్క చెట్టు సంగతులన్నీ ఏకరువు పెట్టాను. అక్క పకపకా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

అవ్వ నవ్వలేదు. కర్రతో ఆ నడిమి కొమ్మను తట్టి చూసింది. బోలుగా మోగింది.

"కుళ్లుకున్న కండ్లకు ఒక్కటి దప్పిపోదే. గా కండ్లే నాకు గావాలె. రేపు అడివికి వోయినంక, గదంత పక్కింటోళ్లదే అనుకో," అంది.

మర్నాడు నేను అవ్వ వెంట నడుస్తుంటే అక్క వాకిట్లో నిలబడి చూసింది. ఆ చూపు నాకు బాగా తెలిసిందే. అడవిలో ఏ పొదను చూసినా ఇది అక్క వాళ్లదే అనుకున్నాను. ఒక్క చిగురూ నా కంట తప్పించుకోలేదు. ఆ ఏడు వాడకు ఆకు బాగా దొరికింది.

ఇన్నేళ్లకు మొన్న, అడవి మీద పరిశోధన చేసే పిల్లలు ఊరు వదిలాక నేనుంటున్న సెంటినరీ కాలనీ ఇంటికి వచ్చారు. అడవిలో ఏమేం ఏరి బతికేవాళ్లమో అడిగి, ఆకాశం నుంచి తీసిన మా ఊరి ఫొటోలు ఫోనులో చూపించారు. బొగ్గు కోసం నేలంతా తవ్విన ఓపెన్‌కాస్టు గుంత అంచు సరిగ్గా మా రెండు చెట్ల మధ్య నుంచి పోయింది. నా చెట్టు ఉన్నచోట బూడిద రంగు. ఇవతల ఒక పచ్చటి చుక్క, అక్క చెట్టు! ఈ వయసులోనూ కుళ్లుకున్నాను.

మర్నాడే ఆటో మాట్లాడుకొని పోయి చూసొచ్చాను. జ్యోతినగర్‌లో కొడుకు దగ్గర ఉంటున్న అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, నీ చెట్టుకు గుట్ట దిక్కు కొమ్మ ఎండుతున్నది. జర సూస్కో."

"నా చెట్టు మీద నీ కండ్లు ఇంక వోలేదానే?" అంది.

పోలేదన్నాను. నా చెట్టు పోయింది, మా ఊరి అడవి సగం పోయింది. అవ్వ ఏరికోరి వాడుకున్న ఆ కుళ్లు కళ్లు మాత్రం ఇంకా నా దగ్గరే ఉన్నాయి. వాటికి చూసుకోవడానికి ఇప్పుడు ఆమె చెట్టు ఒక్కటే మిగిలింది.