పది అంకెల గడి

ఆ కార్యాలయంలో ఆమెను అందరూ "కావలి అక్క" అనేవారు. ఇంటి యంత్రాలకు మరమ్మతులు చేసే సంస్థ అది. దాని వెబ్‌సైటులో జనం నింపే ఫారానికి, ఏ గడిలో ఏది చెల్లునో, ఏది చెల్లదో నిర్ణయించే సూత్రాలు రాయడం ఆమె పని. వాటిని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లంటారు. ఫోను గడికి ఆమె రాసినది సరిగ్గా పది అంకెలు. ఒకటి ఎక్కువైనా, తక్కువైనా ఎర్రని అక్షరాలు మనిషిని గుమ్మంలోనే నిలిపివేసేవి.

ఆమె తమ్ముడు ఆరేళ్ల క్రితం ఓడ ఉద్యోగానికి వెళ్లాడు. వెళ్లేనాడు అక్కాతమ్ముళ్లకు మాటా మాటా పెరిగింది. తరువాత ఆమె ఇల్లూ మారింది, నంబరూ మారింది. వాడికి తెలిసినదల్లా అక్క పనిచేసే సంస్థ పేరొక్కటే. ఏనాటికైనా ఆ ఫారంలో నాలుగు ముక్కలు రాయకపోతాడా అని, తన పని కాకపోయినా, ఆమె ప్రతి ఉదయం వచ్చిన సందేశాలన్నీ చదివేది.

ఒకనాడు ఫోన్లు అందుకునే పెద్దావిడ ఆమె బల్ల దగ్గరకు వచ్చింది.

"ఏమ్మా కావలీ, విదేశం నుంచి ఒకాయన ఫోన్ చేసి దులిపేశాడు. నీ గడి ఆయన నంబరు పుచ్చుకోవట్లేదట."

"ఎన్ని అంకెలు పెద్దమ్మా?"

"ముందొక ప్లస్సు, తర్వాత పన్నెండు. నీకు పది దాటి లెక్క రాదా ఏంటి తల్లీ?"

పెద్దావిడ నవ్వింది. ఆమెకు నవ్వు రాలేదు. సూత్రం రాసిన నాడు దానిని తన నంబరుతోనూ, పక్క బల్లల వారి నంబర్లతోనూ పరీక్షించి సరిపెట్టుకుంది. ఓడ మీది మనిషికి పరాయి రేవుల నంబరు కాక మరేముంటుంది?

ఫారం తిప్పి పంపిన రాతలు ఎక్కడా నిలవవు. ఎర్ర అక్షరాలు ఎన్నిసార్లు కనబడ్డాయో ఆ లెక్క మాత్రం ఉంది: నాలుగు వందల పన్నెండు. అందులో వాడివెన్ని? అసలు ఉన్నాయా? ఆమె ఆ అంకెను ముఖం వెతుకుతున్నట్టు చూసింది.

వెంటనే ప్లస్సుకు చోటిచ్చి, ఏడు మొదలు పదిహేను అంకెల దాకా అనుమతించి, నంబరు లేకున్నా పంపవచ్చునని చేర్చింది.

"నంబరు లేనివాళ్లను ఏం చేసుకుంటాం?" అన్నాడు మేనేజరు.

"చదువుకుందాం సార్."

మూడవనాడు పరాయి నంబరుతో తొలి సందేశం వచ్చింది. ఆమె ఆత్రంగా తెరిచింది. విదేశంలో ఉన్న ఎవరో, ఇక్కడ తల్లి ఇంట ఆగిపోయిన వాషింగ్ మెషిన్ కథ రాశారు. మెకానిక్కును పంపించి, జవాబు చివర అడిగింది: "ఇదివరకు మా ఫారం మిమ్మల్ని తిప్పి పంపిందా?"

"రెండుసార్లు. మూడోసారికి పట్టువదలక రాశాను" అని బదులు వచ్చింది.

తమ్ముడు చిన్ననాటి నుంచీ దేనినీ రెండవసారి అడిగి ఎరుగడు.