జేబులో హార్డ్ డిస్క్

ఇదీ ఒక కథేనా అని రాయకుండా వదిలేయబోయాను. ఇవాళ రేకుడబ్బాలో పాత హార్డ్ డిస్క్ కనబడింది.

కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చే లినక్స్ సీడీలు, అదే విండోస్‌కు బదులు వేసుకునేవి, గుర్తున్నాయా మిత్రులారా? ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, పదకొండు రకాలు ఈ పాత డిస్క్‌లోనే ఎక్కించి చూశాను.

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో మెషిన్ విప్పే ముందు, ఎవరూ స్విచ్ వేయకుండా ఫ్యూజు పీకి జేబులో వేసుకోవడం మా ఫిట్టర్ల అలవాటు. ఇంట్లో కంప్యూటర్ దగ్గరా అంతే. అందరి ఫైళ్లూ ఉన్న అసలు డిస్క్ చెడిపోకుండా, దాన్ని ఊడదీసి జేబులో వేసుకున్నాకే పాతది తగిలించేవాణ్ణి.

"నా కాలేజీ ప్రాజెక్టు అండ్లనే ఉంది నాయినా, పోతే సూడు!" అనేది బిడ్డ.

"నా జేబులున్నది ఎట్ల పోతది బిడ్డా?"

పోలేదు. ప్రాజెక్టు ఇవ్వాల్సిన రోజు పొద్దున కూడా జేబులోనే ఉంది. స్పానర్ల బరువులో తెలియక డ్యూటీకి తీసుకుపోయాను.

బిడ్డ ఫ్యాక్టరీ గేటుకొచ్చింది. డిస్క్ మీది నూనె చున్నీతో తుడిచి, దాన్నే పట్టుకుని కాలేజీకి సంగారెడ్డి బస్సెక్కింది.